కల్సోమ్ అక్క ఇచ్చిన జవాబు

మా ఊళ్ళో చంద్రలోకం అని సరదాల పార్కు ఉండేది. తగరం గనుల్లో పని దిగినవాళ్ళంతా సాయంత్రాలు అక్కడే. ఆడామగా ఎదురెదురుగా నిలబడి పాడుతూ ఆడే జోగెట్ ఆటకి అక్కడో అరుగు ఉండేది, దాని మీద కల్సోమ్ అక్క పాడుతూ ఆడేది. నేను డప్పు వాయించేవాణ్ణి. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతున్నారు.

అరుగుకో పద్ధతి ఉండేది. ఆడటానికి ఎక్కినవాడు అక్కను తాకకూడదు, అక్క వాణ్ణి తాకకూడదు. మాటతోనే కవ్వించాలి. వాడు నాలుగు పాదాలు కట్టి విసిరితే అక్క అప్పటికప్పుడు నాలుగు కట్టి తిప్పికొట్టాలి. మొదటి రెండింట్లో వానో, కొంగో, ఏదో ఒకటి. అసలు మాట చివరి రెండింట్లో ఉంటుంది. ఒకసారి పాడింది మళ్ళీ పాడితే పరువు పోయినట్టే. అందుకే ఎవరూ రాసిపెట్టుకోలేదు.

పార్కు పోయిన చాలా ఏళ్ళకి, ఊరి జ్ఞాపకాలు పోగుచేస్తున్నామంటూ హయాతి అనే అమ్మాయి వచ్చింది. ఫొటోలు కొన్ని దొరికాయట. గొంతు ఒక్కటీ దొరకలేదట. పాడినవాళ్ళలో మిగిలింది అక్క ఒక్కతే. ఆమెకీ ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆ గొంతు ఎక్కడో ఒకచోట ఉండిపోవాలని నాకు ఆశ. వెళ్ళి అక్కను పాడమని అడిగాను.

అక్క కొడుక్కి ఆ సంగతులు కిట్టవు. ఆమె ఫొటోలు తగలబెట్టింది వాడే. వాడు శుక్రవారం నమాజుకు వెళ్ళినప్పుడు రమ్మంది అక్క. ఆ రోజు నేను మసీదు మానేసి డప్పుతో వెళ్ళాను. హయాతి రికార్డు చేసే మిషను తెచ్చింది.

"ఇంకా చావలేదట్రా దరుస్?" అంది అక్క మంచం మీంచి.

"నీ పాటకి వాయించకుండా ఎలా పోతానక్కా?"

"డప్పు కన్నా నీ పొట్టే బాగా మోగేట్టుంది."

హయాతి నవ్వింది. "అమ్మమ్మా, ఇక మొదలెడదామా?"

"అవతల మగాడు కవ్విస్తే గానీ నాకు పాట రాదమ్మా. ఒరేయ్, నువ్వే అనరా ఏదోటి."

నేనెప్పుడూ పాడినవాణ్ణి కాదు. ఎలాగో నాలుగు పాదాలు గొణిగాను. అక్క దిండుకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని అందుకుంది. అదే గొంతు. గని చెరువు మీద వాన, గట్టున తడుస్తూ కొంగ. ఆ తర్వాత నాకు జవాబు.

పాట అయ్యేసరికి హయాతి మొహం పాలిపోయింది.

"మీట సరిగా పడలేదు అమ్మమ్మా. ఏమీ ఎక్కలేదు. క్షమించండి. అదే ఇంకొక్కసారి..."

"పాడిందే పాడనా? అరుగు మీంచి దింపేస్తారే పిల్లా!"

"అరుగెక్కడుందక్కా ఇంకా?" అన్నాను. "అదే పాడెయ్."

"నువ్వు కూడానా? సిగ్గులేదూ? వాయించు. కొత్తది కడతా."

హయాతి ఈసారి మీట చూసి నొక్కింది. నేను వాయించాను. అక్క పెదవులు కదిలాయి. మాట రాలేదు. డప్పు ఒక చుట్టు అయింది. ఇంకో చుట్టు కూడా అయింది. అక్క అంతసేపు ఆగడం నేనెరగను. నేను ఆపితే ఆమె ఓడినట్టు. ఆపలేదు.

"ఉండు, కడుతున్నా," అంది రొప్పుతూ.

వాయిస్తూనే ఉన్నాను. చివరికి అక్కే నా చేతి మీద చెయ్యి వేసి డప్పు ఆపింది. అన్నేళ్ళలో ఆమె నన్ను తాకింది అదే.

ఆ నెల తిరక్కుండానే పోయింది.

హయాతి మళ్ళీ వచ్చింది. "ఆ మొదటి పాట మాటలైనా చెప్పండి తాతా, రాసుకుంటాను."

వాన చెప్పాను. కొంగ చెప్పాను. చివరి రెండు పాదాలు రాలేదు. డప్పు వాయించేవాడి చెవి ఊపిరి ఎక్కడ తీస్తారా అని చూస్తుంది, మాటలు పట్టదు. ఆ జవాబు ఇచ్చింది నాకు. నేనే వినలేదు.

పాత టౌను హాల్లో చంద్రలోకం జ్ఞాపకాలకని ఒక గది పెట్టారు. నా డప్పు కూడా అక్కడే ఉంది. గోడకున్న మీట నొక్కితే వాయింపు వస్తుంది, చాలాసేపు. మధ్యలో ఒక ముసలామె "ఉండు, కడుతున్నా" అంటుంది. మళ్ళీ డప్పు. జనం కాసేపు నిలబడి, మిషను పాడైందనుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతున్నారు.