కోటోర్ మీద రెండు చుట్లు

"గంట కూడా పట్టదే!" అని మా ఆవిడ రదోయ్కా మీద కసురుకుంటూనే బయల్దేరాను. బెల్‌గ్రేడ్ నుంచి కోటోర్ ఆకాశంలో మూడొందల కిలోమీటర్లు లేదు. బస్సులో కొండలు తిరుక్కుంటూ పోతే రాత్రంతా నడుం విరగాల్సిందే.

"నిన్ననే బస్సెక్కి ఉండాల్సింది," అంది తను. "ఆలస్యమైతే రానన్నట్టే లెక్క. వుకాషిన్ నిన్ను మళ్ళీ పిలుస్తాడనుకున్నావా?"

"నీ నోట ఒక్క మంచిమాట రాదు కదా!"

వుకాషిన్, నేను ఒకప్పుడు కోటోర్‌లో కలిసి పడవ నడిపాం. ఇంజను సామాను పోయిన రోజున రేవులో అందరి ముందూ నన్ను దొంగ అన్నాడు. నేను సంచీ సర్దుకుని బెల్‌గ్రేడ్ వచ్చేశాను. ఇన్నేళ్ళలో మాట లేదు, పలుకు లేదు. పోయిన వారం చర్చి ఫాదర్ చేత కబురు పంపాడు: నా మనవరాలికి ఓబ్రాదే కూమ్‌గా రావాలి అని. ఓబ్రాద్ అంటే నేనే.

మాలో కూమ్ అంటే చర్చిలో బిడ్డను ఎత్తుకుని పేరు పెట్టేవాడు. ఆ పేరు కన్నవాళ్ళకు కూడా అప్పుడే తెలుస్తుంది. పగవాడైనా ఆ పిలుపు కాదనడు. పిలిచాక రాకపోతే మొహాన ఉమ్మేసినట్టే. ఆ పగ ఇక మనవల దాకా నడుస్తుంది.

పేరు పెట్టేది ఆ సాయంత్రమే. తీరా చూస్తే పొగమంచు. పొద్దున లేవాల్సిన విమానం మధ్యాహ్నం దాటినా లేవలేదు. కూర్చున్నాను, లేచాను, కౌంటర్లో అమ్మాయిని విసిగించాను. వుకాషిన్ నంబరైనా నా దగ్గర లేదు. నా తెలివి తగలెయ్య!

ఎట్టకేలకు లేచాం. సముద్రం కనబడింది, చర్చి గోపురం కూడా కనబడింది. విమానం కిందికి దిగి, గాలికి ఊగిపోయి మళ్ళీ పైకి లేచింది.

"దింపవయ్యా బాబూ!" అని నిలబడి అరిచాను.

"కూర్చో నాయనా," అంది పక్కసీటు ముసలామె. "నువ్వు నిలబడితే అది దిగుతుందా?"

రెండో చుట్టూ అంతే. పొద్దు వాలుతోంది. కొండల మధ్య ఉన్న ఆ రన్‌వే మీద చీకటి పడితే దింపరు. విమానం తోక తిప్పి, కొండల అవతలి పొద్గోరిత్సా దారి పట్టింది. అక్కడ దిగాక కూడా మెట్లబండి కోసమని చాలాసేపు తలుపులు తియ్యలేదు. ఫాదర్ ఈపాటికి ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు. ఓబ్రాద్ రాలేదని ఊరంతా చెప్పుకుంటూ ఉంటుంది.

చివరికి బయటికొచ్చి టాక్సీ కోసం పరిగెత్తబోతుంటే ఎవరో నా సంచీ పట్టుకుని లాగారు. జుట్టంతా నెరిసిపోయింది గానీ, వుకాషినే.

"నువ్విక్కడేంట్రా?" అన్నాను.

"చర్చి గుమ్మంలోంచి చూశా. బెల్‌గ్రేడ్ విమానం రెండుసార్లు మా నెత్తిమీదికొచ్చి వెనక్కి మళ్ళింది. అక్కడ దిగకపోతే ఇక్కడికే వస్తుందని వెంటనే కారు తీశా." సంచీ వెనక సీట్లో పడేశాడు. "అప్పుడు నువ్వు వెళ్ళిపోతుంటే రేవులో నిలబడి చూస్తూ ఊరుకున్నా. దొంగవి కాదని తెలిసి కూడా ఊరుకున్నా. ఈసారి కూడా ఊరుకుంటానా?"

నేను కారు తలుపు తీశాను.

"ఎక్కరా. ఫాదర్ ఉన్నాడు, పాప నిద్రపోతోంది."

కొండదారిలో కారు విసురుగా తోలుతున్నాడు. పాపకు పెట్టబోయే పేరు రాసిన చీటీ నా జేబులో ఉంది. అతను అడగలేదు, అడగకూడదు కూడా. మలుపు దగ్గర మాత్రం ఓసారి నా వైపు చూసి, "పలకడానికి తేలికేనా?" అన్నాడు.

"రోడ్డు చూడరా," అన్నాను.