గోడ మీద బోర్లించిన గిన్నె

గర్ర్... గర్ర్...

గోడ అవతల, బండ మీద, ఖాళీ స్టీలు గిన్నె జరుగుతున్న చప్పుడు.

కుక్క ముక్కుతో తోస్తుంది. గిన్నె జరుగుతుంది. అందులో ఏమీ లేదని కుక్కకి తెలుసు. అయినా తోస్తుంది. బండ ఈ చివరి నుంచి ఆ చివరికి... ఆ చివరి నుంచి మళ్లీ ఈ చివరికి.

ఇవతల వంటింట్లో ఆమె నిలబడి వింటుంది. అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు ఉంటుంది ఆమెకి.

ఆమె కారు నడపడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్లు చక్రం పట్టుకుంటే, ఆమె పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది — నేర్పేవాళ్ల కోసం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె కాలు దాని మీదే.

అద్దం చూడు. పక్క చూడు. అద్దంలో కనపడనిది కూడా ఉంటుంది, తల తిప్పి చూడు...

రోజంతా ఇదే పాట. వీధివాళ్లు బ్రేకమ్మ అని పేరు పెట్టేశారు. కోపం వచ్చినప్పుడు ఇంట్లో అత్తగారు కూడా అలాగే పిలుస్తుంది.

గోడ అవతల ఉండేది టికెట్టాయన. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. ఒకరి దగ్గర అగ్గిపుల్ల అడిగి ఎరగడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనా, ఆయన కుక్కా.

కుక్క పేరు హాఫ్‌టికెట్. చేతిలో ఇమిడేంత పిల్లగా ఉన్నప్పుడు చొక్కాలో పెట్టుకుని బస్సులో తెచ్చాడట. అంత నిక్కచ్చి మనిషీ జన్మలో టికెట్టు లేకుండా ఎక్కించిన ప్రయాణికుడు అదొక్కటే.

ఆ హాఫ్‌టికెట్‌కి ఇప్పుడు పక్కటెముకలు బయటపడ్డాయి. పొద్దున్నే ఆయన గొలుసు పట్టుకుని వీధిలో తిప్పుతుంటే, కారులోంచి చూసి ఆమె బ్రేకు నొక్కేసింది. నడుము ఇంత సన్నగా... వెన్నుపూస తాడుకి వేసిన ముడుల్లా...

"మనిషేనా అసలు! పెట్టలేనివాడు పెంచుకోవడం దేనికి?"

"వెళ్లి అడగవే," అంది అత్తగారు. "నోరుందిగా. ఊళ్లోవాళ్లందరి మీదా అరుస్తావు."

"నేనెందుకు అడగాలి? చూస్తే తెలియట్లేదా?"

అడగకపోవడానికి కారణం వేరే ఉంది. ఆమె శిష్యుడొకడు కారు వెనక్కి తీస్తూ తీస్తూ టికెట్టాయన గేటుకి కొట్టేశాడు. ఆయన బయటికొచ్చి, సొట్ట పడ్డ గేటునీ, తెల్లబోయిన శిష్యుణ్ణీ చూసి, తాపీగా అన్నాడు — "ఏం టీచరమ్మా, టికెట్టు లేకుండానే మా ఇంట్లోకి ఎక్కేద్దామనా?"

వీధి వీధంతా నవ్వింది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. రెండిళ్లకీ ఒకటే గోడ, తలకి మించిన ఎత్తు. అటు ఆయన, ఇటు ఈమె, మధ్యలో గోడ మీద బారులు తీరిన చీమలు. వాటికి మాత్రం రెండిళ్లతోనూ సఖ్యమే.

సలహాలకేం కరువు? ఫోటోలు తియ్యమన్నారొకరు. జంతువుల సంఘానికి పంపమన్నారింకొకరు. రాత్రికి రాత్రి గొలుసు విప్పి తెచ్చేసుకో, ఎవరడుగుతారు అంది కూరగాయలు కొంటున్న ఒకావిడ. అందరికీ కుక్క మీద జాలి. అందరికీ కుక్క మీదే.

ఆమె ఫోటోలు తీసింది. సంఘానికి పంపింది. చూస్తాం అన్నారు వాళ్లు.

వాళ్లు చూసేలోగా అది ఉంటుందా?

అందుకని ఒక సాయంత్రం స్టూలు వేసుకుని, గోడ మీద ఒక గిన్నె పెట్టింది. అన్నం, ఉడికించిన గుడ్డు. ఆయనే దించి కుక్కకి పెడతాడులే అనుకుని, ఆయన మొహం చూడాల్సి వస్తుందేమోనని గబగబా దిగిపోయింది.

కాసేపటికి గిన్నె లేదు.

మర్నాడు పొద్దున్న గోడ మీద ఉంది — బోర్లించి. తళతళా.

"కుక్క నాకితే ఇంత శుభ్రంగా ఉంటుందా?" అంది అత్తగారు, గిన్నె తిప్పి తిప్పి చూస్తూ. "దాన్ని మనింట్లో అంట్లు తోమడానికి పెట్టుకుందాం."

ఆమె నవ్వింది. ఆ సాయంత్రం మళ్లీ పెట్టింది. ఆ మర్నాడూ. గర్ర్ మనే చప్పుడు ఆగిపోయింది. సాయంత్రాలు ప్రశాంతంగా ఉన్నాయి. ఆమె కంటినిండా నిద్రపోయింది.

పెట్టేది కూడా ఆలోచించి పెట్టేది పాపం. కుక్కలకి ఉప్పు పడదని ఎవరో చెబితే, ఉప్పు వెయ్యకుండా విడిగా వండేది. కారం పడదని, మిగిలిన కూరముక్కలు నీళ్లలో కడిగి కలిపేది. ఒక్కోసారి అడుగంటిన అన్నం. ఒక్కోసారి కోడి ఎముకలు, కాళ్లు. కుక్కకేం తెలుస్తుంది?

పొద్దున్నే గోడ దగ్గర నిలబడి పిలిచేది — "తిన్నావా నాన్నా?"

అవతలి నుంచి తోక బండకి కొట్టుకున్న చప్పుడు.

ఆ వీధిలో ఎవరికి ఎవరు ఎదురైనా మొదటి మాట అదే. తిన్నారా? పాలవాడినీ అడుగుతారు, పోస్టుమాన్‌నీ అడుగుతారు. అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోతారు. తిన్నామనే అంటారు ఎవరైనా. కాదని ఎవరంటారు?

ఆమె కుక్కని అడిగింది. రోజూ అడిగింది.

చీమలే ముందు కనిపెట్టాయి. మొదట్లో గిన్నె చుట్టూ మూగేవి. పోను పోనూ రావడం మానేశాయి. బోర్లించిన గిన్నె కింద ఒక్క మెతుకు లేదు వాటికి. ఒక్కటంటే ఒక్కటి.

ఇంత తింటున్నా కుక్క ఒళ్లు చేయలేదు. అవే ఎముకలు. అదే నడుము.

పశువుల మందుల షాపుకి వెళ్లింది. షాపావిడ కుక్క బరువు అడిగింది. ఈమె కంటి అంచనాతోనే తడుముకోకుండా చెప్పింది. జాతి, వయసు, తినే తిండి... పాఠం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పింది. కడుపులో పురుగులు, అంది షాపావిడ. "మాత్రలు నలిపి అన్నంలో కలిపెయ్యండి. చేదుగా ఉంటాయి, బెల్లం కూడా వెయ్యండి."

నలిపింది. కలిపింది. బెల్లం వేసింది. పొద్దు ఇంకా వాలకముందే గిన్నె గోడ మీద పెట్టింది.

ఈసారి దిగిపోలేదు. మందు తింటుందో, పక్కకి ఉమ్మేస్తుందో చూడాలిగా. వంటింటి పక్కన గోడ కాస్త విరిగిన చోటుంది. స్టూలు అక్కడికి జరిపి, ఎక్కి, తల వంచి నిలబడింది.

రెండు చేతులు గిన్నె దించుకున్నాయి.

టికెట్టాయన మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా లేదు. ఇన్నేళ్లలో ఆయన్ని చొక్కా లేకుండా ఆమె ఎప్పుడూ చూడలేదు.

పక్కటెముకలు.

ఒక్కొక్కటీ.

కుక్క ఆయన మోకాలి దగ్గర కూర్చుంది. ఆయన గిన్నెలో వేలితో గీత గీశాడు. గీతకి అటు ఎక్కువ, ఇటు తక్కువ. ఎక్కువది తీసి కాగితం మీద కుక్కకి పెట్టాడు.

"హాఫ్‌టికెట్‌కి ఫుల్లు," అన్నాడు దానితో. "ఫుల్‌టికెట్‌కి హాఫు. సరేనా?"

మిగిలింది ఒళ్లో పెట్టుకుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె కొయ్యబారిపోయింది.

మొదట ఆమెకి అర్థం కాలేదు. కళ్లు చూశాయి, బుర్ర ఒప్పుకోలేదు. ఈయనేంటి... కుక్క గిన్నెలో... కుక్క కోసం పెట్టిన అన్నం...

రెండో ముద్ద.

ఉప్పు లేదు. ఇన్నాళ్లూ ఉప్పు లేదు. అడుగంటింది. కడిగిన కూర. ఎముకలు. దేవుడా, కోడి కాళ్లు! అవి కూడా తిని, గిన్నె కడిగి, బోర్లించి...

మూడో ముద్ద కలుపుతున్నాడు.

మందు.

అందులో మందు!

ఆమె కాలు స్టూలు మీద గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు. మళ్లీ నొక్కింది. లేదు. అరిస్తే తను చూసినట్టు ఆయనకి తెలిసిపోతుంది. అరవకపోతే ఆ ముద్ద నోట్లోకి పోతుంది. ముద్ద లేస్తోంది... లేస్తోంది...

"ఆగండి! బాబాయ్ గారూ, ఆగండి! అందులో మందుంది! కుక్క మందు!"

చెయ్యి గాలిలో ఆగింది.

ఆయన తలెత్తాడు. గోడ మీద ఆమె మొహం. కుక్క మాత్రం తింటూనే ఉంది.

ఆయన ముద్దని నెమ్మదిగా గిన్నెలో పెట్టేశాడు. ఎడమ చేత్తో తువ్వాలు లాక్కుని భుజాల మీద కప్పుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"చేదుగా ఉంటే... ఇవాళ మీ అత్తగారు వండారేమో అనుకున్నానమ్మా."

నవ్వించాలనే అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు కూడా. లేచి, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లాడు. కుక్క వెనకే వెళ్లింది. తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది.

ఆమె స్టూలు దిగింది.

షాపావిడకి ఫోన్ చేసింది. నాలిక తడబడుతోంది. మనిషి... మనిషి తిన్నారండీ, రెండు ముద్దలు... అవునండీ, కుక్క మందే...

షాపావిడ అంది —

"రెండు ముద్దలేగా, భయపడకండి. కానీ ఖాళీ కడుపున ఉంచొద్దు. దగ్గరుండి కనిపెట్టుకోండి. తల తిరిగినా, వాంతైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంతకీ ఆయన బరువెంత?"

బరువు.

కుక్క బరువు చెప్పింది. వయసు చెప్పింది. జాతి చెప్పింది.

"తెలియదండీ," అంది. "నాకు తెలియదు."

ఫోన్‌లో కుక్క ఫోటోలు తెరిచి చూసింది. ప్రతి ఫోటోలో మధ్యన కుక్క. ప్రతి ఫోటో అంచున ఒక చెయ్యి, గొలుసు పట్టుకుని. వదులైన గడియారం మణికట్టు దాటి అరచేతి మీదికి జారిన చెయ్యి. ఈ ఫోటోలు తనే తీసింది. సంఘం వాళ్లూ చూశారు, వీధంతా చూసింది. అద్దం చూడు, పక్క చూడు, తల తిప్పి చూడు... ఎంతమందికి నేర్పింది!

అత్తగారు విన్నది. ఆనాడు ఆ గిన్నె మీద వేసిన జోకు గుర్తొచ్చిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, పొయ్యి వెలిగించింది. వేడి వేడిగా వండింది. కంచంలో పెట్టేముందు కోడలు కూర నోట్లో వేసుకుని ఉప్పు చూసింది.

మళ్లీ చూసింది.

ఇంకోసారి చూసింది. ఏడుపొచ్చేసింది.

సందు చుట్టి, సొట్ట పడ్డ గేటు తోసుకుని, టికెట్టాయన వీధి తలుపు ముందు నిలబడింది. గోడకి ఇవతలే ఉంటూ ఈ తలుపు ఎన్నడూ తట్టలేదు. చేతిలో కంచం వేడికి కాలుతోంది. కాలితే కాలనీ.

"బాబాయ్ గారూ!"

తలుపు తట్టింది.

"ఒకసారి తలుపు తియ్యండి. ఆ మందు ఖాళీ కడుపున మంచిది కాదట."

లోపల కొళాయి తిప్పిన చప్పుడు. గిన్నె తోముతున్నాడు. ఈ వేళప్పుడు, ఆ చేతులతో, ఇంకా గిన్నె తోముతున్నాడు, తిరిగి ఇచ్చెయ్యాలి కదా.

"పింఛను వచ్చేస్తుందమ్మా," లోపల్నుంచి గొంతు. "ఎక్కడో ఆగింది. బస్సు లేటు, అంతే. రాకుండా ఎక్కడికి పోతుంది?"

"అది కాదు బాబాయ్ గారూ..."

"కుక్కకి పెట్టారు. అది తినేది. చాలమ్మా, చాలా పెద్ద మనసు."

ఆమె నుదురు తలుపుకి ఆనించింది. ఏమని అడగాలి? క్షమించమనా? ఏది నోటికొచ్చినా, కుక్కకి కలిపిన అన్నంలా ఉప్పు లేకుండానే వస్తోంది. చివరికి ఆ వీధిలో అందరూ అందరినీ అడిగేదే వచ్చింది. అడిగి ఎవరూ ఆగనిదే.

"తిన్నారా?"

ఆమె ఆగింది.

కొళాయి ఆగింది.

"తిన్నానమ్మా," అన్నాడు ఆయన. "మీరు తిన్నారా?"

ఆమె కంచం పట్టుకుని అలాగే నిలబడింది. గడప మీద చీమలు అప్పుడే దారి కనుక్కున్నాయి. ఒక్కొక్కటే ఆమె కాలి చుట్టూ తిరిగి, తలుపు కిందికి దూరుతున్నాయి.

లోపల బండ మీద, మెల్లగా —

గర్ర్...

కుక్క తన ఖాళీ గిన్నెని తోస్తోంది. వంటింటి నుంచి... నడవలోంచి... ఇటే. తలుపు వైపే. గర్ర్... గర్ర్... దగ్గరికొచ్చింది. గిన్నె వచ్చి తలుపుకి తగిలింది. ఆమె కాళ్లకి అవతల, తలుపు మందమంత దూరంలో.

ఆగిపోయింది.

గొళ్లెం ఇంకా కదల్లేదు.