ఒక అలకి ఒక్కరే

సముద్రంలో మా అత్తగారిని నేను పోల్చుకున్నది మొహం చూసి కాదు, దగ్గు విని.

ఉదయం ఆరు కావస్తోంది. ఒడ్డుకి వంద గజాల దూరంలో, సర్ఫింగ్ బోర్డు మీద కాళ్ళు చెరోవైపు వేలాడేసి, మంచి అల కోసం చూస్తూ కూర్చున్నాను. వెనక ఎవరో పొడిగా రెండుసార్లు దగ్గారు. మా ఇంట్లో మూడో గదిలోంచి ఏడేళ్ళుగా వింటున్న దగ్గు అది. నా మనసు ఎంత బానిసో ఆ క్షణంలో తెలిసింది. నేను చేసిన మొదటి పని ఆశ్చర్యపోవడమూ కాదు, పారిపోవడమూ కాదు. పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపుకుని ఉన్నానని గుర్తొచ్చి, వాటిని దగ్గరికి ముడుచుకుని పద్ధతిగా కూర్చోబోయాను. బోర్డు తిరగబడింది.

పైకి తేలేసరికి ఆవిడ ఎదురుగా ఉన్నారు. అరవై రెండేళ్ళ మనిషి. నల్లటి ఈత దుస్తులు, తెల్లజుట్టు మీద రబ్బరు టోపీ, కింద తొమ్మిదడుగుల పసుపు బోర్డు.

"మీరా బాబూ!"

"మీరా అత్తయ్యా!"

"మీరు జిమ్ముకి వెళ్తున్నారని అమ్మాయి చెప్పిందే?"

"మీరు పార్కులో మోకాళ్ళ వ్యాయామానికి వెళ్తున్నారని నాకూ చెప్పింది."

ఇద్దరం చెరో దిక్కూ చూశాం. అమ్మాయి అంటే నా భార్య, ఆవిడ కూతురు. పోయినేడాది బోర్డు అడుగునుండే రెక్క తగిలి నా నుదుటికి ఆరు కుట్లు పడ్డాక, ఇక సముద్రం జోలికి పోనని నా చేత మాట తీసుకుంది. వాళ్ళమ్మ చేత కూడా మాట తీసుకోవాల్సి ఉంటుందని పాపం ఆమెకి తోచలేదు. అంచేత మా అత్తగారిది ఒట్టి అబద్ధం. నాది అబద్ధమూ, మాట తప్పడమూ. ఈ తేడా నాకు వెంటనే తట్టింది. ఆవిడకీ తట్టిందని ఆవిడ టోపీ సర్దుకున్న తీరులోనే తెలిసింది.

ఇంతలో అల వచ్చింది. ఇక్కడ ఒక అలకి ఒక్కరే. అల ముందుగా ఎక్కడ విరుగుతుందో, ఆ చోటికి ఎవరు దగ్గరుంటే దాన్ని వాళ్ళే ఎక్కాలి, మిగతావాళ్ళు తప్పుకోవాలి. బోర్డులు అద్దెకిచ్చే షెడ్డాయన మొదటి రోజునే చెప్పే నియమం ఇది. వయసూ, హోదా, చుట్టరికం దీనికి పట్టవు. దాని ప్రకారం ఆ అల మా అత్తగారిది. కానీ ఆవిడ కదల్లేదు.

"వెళ్ళండి బాబూ."

"అబ్బే, మీరే దగ్గరున్నారు."

"అల్లుణ్ణి ఆపి నేనెక్కడమేంటి, బావుంటుందా?"

"పెద్దవారు. మీరు కానివ్వండి."

అల మా ఇద్దరి కిందనుంచీ మెల్లగా లేచి, దిగి, ఖాళీగా ఒడ్డుకి పోయింది. రెండోది కూడా అలాగే పోయింది. మూడోదానికి ఇద్దరం ఒకేసారి బయల్దేరి, ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి ఆగిపోయాం.

అవతల బ్యాంకాయన ఉన్నాడు. రోజూ వస్తాడు. ఏదో బ్యాంకులో పని చేస్తాడన్న సంగతి తప్ప నాకేమీ తెలీదు. ఆయన గొంతు చించుకున్నాడు.

"ఎవరో ఒకరు ఎక్కండి సార్! మర్యాదలు ఒడ్డుకెళ్ళి చేసుకోండి! వెనక మేం నానిపోతున్నాం!"

నాకు ఆ గంట ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షిస్తుంటాను. చీకటి గదిలో మనిషి ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ రోజుకి నలభై మందిని అడుగుతాను: ఇది బావుందా, ఇది బావుందా? ఇప్పుడు? పోనీ ఇప్పుడు? ఇరవై ఏళ్ళుగా అడిగీ అడిగీ, నాకేది బావుందో చెప్పడం మర్చిపోయాను. ఇంట్లోనూ అంతే. ఫ్యాను పెంచమంటారా, తగ్గించమంటారా అని అందర్నీ అడుగుతాను. నాకు చెమట పోస్తోందో, చలేస్తోందో వాళ్ళ జవాబుని బట్టి తెలుసుకుంటాను. నీళ్ళలో మాత్రం నేను ఎవరికీ ఏమీ కాను. బీచిరోడ్డు మీద సిగ్నల్ ఎర్రబడుతుంది, పచ్చబడుతుంది, బస్సులు ఆగుతాయి, కదులుతాయి, అపార్టుమెంట్లలో ఒక్కో వంటింటి దీపమే వెలుగుతుంది. ఆ లోకంలో ఎవరికీ ఆ గంటసేపు నాతో పని లేదు. రెండేళ్ళుగా అక్కడ ఎవరూ నా పేరు అడగలేదు. అది నాకు దక్కిన ఒకే ఒక్క గది. దానికి గోడల్లేకపోవడం వల్ల తలుపూ లేదన్న సంగతి ఇప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు కూడా ఆవిడ వచ్చారు. వచ్చి, ఎక్కడో దూరంగా ఉండొచ్చు కదా, తెడ్డు వేసినట్టు చేతులు వేసుకుంటూ నేరుగా నా పక్కకే వచ్చి ఆగారు.

"బాబూ, గీజరు ఆపారా?"

"ఆపానత్తయ్యా."

"బాల్కనీ తలుపు?"

"వేశాను."

"దోమలొస్తాయి మరి."

చుట్టూ పదిమంది అల కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటే మా ఇంటి దోమల ప్రస్తావన నీళ్ళ మీద తేలుతూ అందరికీ చేరింది. మూడో రోజుకల్లా నాకక్కడ ఒక పేరు వచ్చేసింది. "అల్లుడుగారూ, ఎడమకి జరగండి!" అని బ్యాంకాయన అరిచాడు. అల్లుడుగారట! ఇంట్లో విప్పి వచ్చానని నేననుకున్న చొక్కాని మా అత్తగారు సముద్రం మధ్యలోకి తెచ్చి మళ్ళీ తొడిగారు.

పోనీ ఆవిడకి రాదా అంటే, నాకంటే బాగా వచ్చు. ముప్పై ఏళ్ళు ప్రసూతి వార్డులో నర్సుగా చేశారు. నొప్పికీ నొప్పికీ మధ్య ఎంత వ్యవధి ఉందో లెక్కపెట్టిన మనిషి అలకీ అలకీ మధ్య వ్యవధి లెక్కపెట్టలేరా! "ఇది ఉత్తుత్తిది, ఆగండి. దీని తర్వాతదీ కాదు. మూడోది అసలుది," అనేవారు. మూడోది నిజంగానే అసలుది అయ్యేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తడబడితే వెనకనించి, "కంగారు పడకమ్మా, ఊపిరి తీసుకో... ఆఁ, ఇప్పుడు! గట్టిగా!" అని అరిచేవారు. బ్యాంకాయన కూడా ఆ కేకకి లేచి నిలబడటం నేను కళ్ళారా చూశాను.

అందరికీ మంత్రసాని, నాకు మాత్రం అత్తగారు. నా దగ్గరికొచ్చేసరికి, "మీరు వెళ్ళండి బాబూ." "మీరు కానివ్వండి." మర్యాదలో ఒక రకం ఉంది, అది ఎదుటివాడి మొహం మీద మెత్తటి దిండు పెట్టి అదమడం లాంటిది. మేమిద్దరం రోజుకో గంట అలా ఒకరినొకరం అదుముకుంటూ ఉన్నాం.

ఆవిణ్ణి మాన్పించాలని కూడా చూశాను, ఒప్పుకుంటాను. ఈ నెలలో జెల్లీ చేపలు వస్తాయట, కుడితే ఒళ్ళంతా దద్దుర్లట అని పేపరు మడుస్తూ ఏమీ ఎరగనట్టు అన్నాను. "మరి మీ జిమ్ములో జాగ్రత్త బాబూ," అన్నారు ఆవిడ, కూతురి ముందే, కళ్ళు కూడా ఎత్తకుండా. దాంతో నేను షెడ్డాయన దగ్గరికి వెళ్ళి, ఆ పసుపు బోర్డు ఎవరికో బుక్కయిందని చెప్పమని బతిమాలాను.

"ఆ బోర్డు ఆవిడ సొంతం సార్," అన్నాడు షెడ్డాయన. "ఐదేళ్ళనించీ ఇక్కడే పెడుతున్నారు. రాళ్ళకట్టకి అవతల అలలు ఎక్కేవారు. అక్కడ పైపులు వేస్తున్నారని ఇటు మారారు. మీకంటే మూడేళ్ళు సీనియరు. మీరే కొత్త."

ఆ రోజంతా దుకాణంలో నాకు మనసు మనసులో లేదు. ఒకాయనకి కుడి కంటి అద్దం ఎడమకి పెట్టి, ఇది బావుందా అని అడిగాను. బావుందన్నాడు. మొహమాటస్తుడు.

పదో రోజున సముద్రం పెద్దదైంది. రాత్రి ఎక్కడో గాలివాన పడిందేమో, అలలు తలెత్తుకుని వరసకట్టి వస్తున్నాయి. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. "మూడోది," అన్నారు మా అత్తగారు తనలో తను. మూడోది వచ్చింది. అంత నునుపైన అలని నేను రెండేళ్ళలో చూడలేదు. ఈసారి అది విరిగే చోటికి దగ్గరగా ఉన్నది నేనే. మీరు కానివ్వండి అన్న మాట అలవాటుగా గొంతులోకి వచ్చింది. దాన్ని ఉప్పునీళ్ళతో సహా మింగేసి, బోర్ల పడుకుని, చేతులు వేశాను.

అల నన్ను ఎత్తుకుంది. లేచి నిలబడ్డాను. నిలబడి కుడివైపు చూస్తే పసుపు బోర్డు ముక్కు. తొమ్మిది రోజులుగా నేను ఆగిపోతూనే ఉన్నాను కాబట్టి, పదో రోజూ ఆగిపోతాననుకుని ఆవిడా బయల్దేరారు!

"అత్తయ్యా!" అని అరిచాను. "తప్పుకోండి! ఇది నాది! నాది!"

సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులో వాళ్ళు కూడా విని ఉంటారు. ఆ తర్వాత ఆకాశం, నురగ, ఎవరిదో మోచెయ్యి, ముక్కులోకి నీళ్ళు. తేలేసరికి ఇద్దరం ఒకే బోర్డు పట్టుకుని వేలాడుతున్నాం. నా గడ్డం చీరుకుపోయింది. ఆవిడ మోచెయ్యి గీసుకుపోయింది.

"నోరు తెరవండి," అన్నారు ఆవిడ. "మూయండి. దవడ బానే ఉంది." నా గడ్డం వదిలి, "నాది అన్నారు," అన్నారు.

"క్షమించండి. నోరు జారింది."

"జారలేదు. రెండుసార్లు అన్నారు. ఏడేళ్ళలో మీ నోట ఆ మాట నేను వినలేదు. టీవీ రిమోటు కూడా మీది అనరు."

దెబ్బ తగిలిన మనిషికి అబద్ధమాడే ఓపిక ఉండదేమో. ఉన్నదంతా చెప్పేశాను. "అల ఒక్కటే కాదత్తయ్యా. ఈ గంట కూడా నాది. ఇక్కడ నాకు ఎవరూ అక్కర్లేదు. మీరు మంచివారే. కానీ మీరు కూడా అక్కర్లేదు."

ఆవిడ మొహం మీది ఉప్పునీళ్ళు తుడుచుకున్నారు. నా కాపురం, మూడో గది, నెలకోసారి వచ్చే బంధువులు, అన్నీ నా కళ్ళముందు తిరిగాయి.

"మరి నాకు మాత్రం అక్కరుందా?" అన్నారు.

"అంటే?"

"రోజూ చచ్చీచెడీ అంత దూరంనించి మీ పక్కకి ఎందుకొస్తున్నాననుకున్నారు? అల్లుడు కనబడ్డాక పలకరించకపోతే ఎలా? అత్తగారికి కోపమొచ్చిందేమోనని మీరు రోజంతా మథనపడరూ? మీరసలే అలాంటి మనిషి! మీతో ఏం మాట్లాడాలో తెలీక నా తల ప్రాణం తోకకొస్తోంది. ఆ గీజరు మాట ముందు రోజు రాత్రే అనుకుని పెట్టుకున్నాను."

"నేను మీకోసం జవాబులు చెప్తున్నాను కదా!"

"నేను మీకోసం అడుగుతున్నాను కదా!"

నవ్వుదామంటే గడ్డం మండింది. ఆవిడే నవ్వారు. ఆవిడ నవ్వు అంత పెద్దగా ఉంటుందని నాకు తెలీదు.

"అయితే రేపట్నుంచి, నీళ్ళలో దిగాక మీరెవరో నాకు తెలీదు," అన్నారు.

"నాకూ మీరెవరో తెలీదు."

"పలకరింపుల్లేవు."

"కానివ్వండి అనడాల్లేవు."

బ్యాంకాయన గాబరాగా మా వైపు వచ్చాడు. "అల్లుడుగారూ! బాగానే ఉన్నారా? అమ్మా, మీ అల్లుడుగారికి రక్తం కారుతోంది!"

"ఈయన నా అల్లుడు కాదు," అన్నారు ఆవిడ, ఒప్పందం రేపట్నుంచన్నది మర్చిపోయి.

ఇంటికెళ్ళేసరికి నా భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. నా గడ్డాన్నీ, వాళ్ళమ్మ మోచేతినీ మార్చి మార్చి చూసింది. "జిమ్ములో..." అన్నాను నేను. "పార్కులో..." అన్నారు మా అత్తగారు, సరిగ్గా అదే క్షణంలో. ఆ పైన దాచడానికేం మిగల్లేదు.

అరగంట తిట్టింది. ఇచ్చిన మాట ఏమైందని నిలదీసింది. "ఈసారి కుట్లు పడితే నేను వేస్తాలే, ఊరుకో," అన్నారు మా అత్తగారు. అప్పుడు మా ఆవిడ సోఫాలో కూలబడి, ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడేళ్ళుగా మీ ఇద్దరూ ఒక్క మాట సరిగ్గా మాట్లాడుకోరని నేను లోలోపల ఎంత కుమిలిపోయానో! ఇంత పొత్తు కుదిరినట్టు నాకెందుకు చెప్పలేదు? రోజూ కలిసే వెళ్తున్నారా?"

"కలిసి కాదు!" అన్నాం ఇద్దరం, కలిసి.

తను చెవిన వేసుకోలేదు. సాయంత్రానికల్లా ఫోన్లో అక్కచెల్లెళ్ళందరికీ చెప్పింది. మా ఆయనకీ మా అమ్మకీ క్షణం పడదనుకున్నాను గానీ, ఒకరిని విడిచి ఒకరు ఉండలేరట అంది. ముగ్గురం సరదాగా వెళ్దాం అని కూడా అంది. ఐదింటికి లేవాలని చెప్పాం. ఇద్దరం చాలా దిగులుగానే చెప్పాం. తను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గడ్డం మానడానికి వారం పట్టింది. మళ్ళీ వెళ్ళిన రోజున ఆవిడ నాకంటే ముందే నీళ్ళలో ఉన్నారు, నాకు వీపు పెట్టి, చాలా దూరంగా. నేను నా చోట కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. సిగ్నల్ ఎర్రబడింది. కాసేపటికి ఒక ఎత్తైన అల మా అత్తగారి వైపు నించి లేచింది. ఆవిడ రెండు చేతులు వేసి, లేచి నిలబడి, మోకాళ్ళు వంచి, జారుకుంటూ నా ముందునించి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్ళారు. నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆవిడ ఎంత శ్రద్ధ తీసుకున్నారో నాకు అర్థమైంది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత ఆప్యాయంగా పట్టించుకోకుండా వదిలెయ్యలేదు.

నా పక్కన ఆ రోజే కొత్తగా వచ్చిన ఒకాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అబ్బ! ఎవరండీ ఆవిడ?"

"తెలీదండీ," అన్నాను. అది నేనెంత గర్వంగా అన్నానంటే, ఆయన తిరిగి నావైపు అనుమానంగా చూశాడు.

"ఈ వయసులో! అడిగి తెలుసుకుందామా?"

"మనకెందుకండీ," అని, నా బోర్డుని కాస్త అవతలికి తిప్పుకున్నాను.