పక్క సీట్లో బ్రేకు

చూపు మందగించాక, పెండలం దుంపల వ్యాపారి దంక్వా తన లారీని కూతురు సెర్వా చేతికిచ్చాడు. అయినా క్వాహు కొండ దిగుతుంటే, పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు.

"నెమ్మదిగా! ఎడమకు తిప్పు!"

సెర్వా లారీని పక్కకు తీసి ఆపింది. "నాన్నా, లారీ నుదుటి మీద 'నడిపేది దేవుడే' అని రాయించిందెవరు?"

"నేనే."

"మరి ఆయన్నీ నమ్మవేం? ఆ రాతన్నా చెరిపెయ్యి, ఆ కాలన్నా తియ్యి!"

దంక్వా లెక్క చూసుకున్నాడు. ఇన్నేళ్లూ తను దేవుడికి ఇచ్చింది లారీ నుదురే, బ్రేకు కాదు. నవ్వొచ్చింది. చెప్పులు విప్పి, రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకున్నాడు.

"ప్రభువా, ఇక నువ్వే చూసుకో. పోనియ్యి తల్లీ."

తర్వాతి మలుపులో కాలివేళ్లు బిగుసుకున్నాయి. కాలు మాత్రం కిందికి దిగలేదు.