కళ్ళంలో కాలి చాలు

“మబ్బు పట్టేటట్టుందిరా యాదగిరీ. వడ్లు తడిస్తే నన్నే అంటరేమో.”

కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆండాళు గంజి చెంబును అతని చేతికందేలా పెట్టింది. మూత సరిగా పడిందో లేదో మళ్ళీ చూసింది. తేలు పడితే?

సాగర్ ఎడమకాలువ నీళ్ళొచ్చాక మిర్యాలగూడలో లేచిన మొదటి మిల్లుల్లో ఒకదాని సిమెంటు కళ్ళంలో, ఉడికించి ఎండబోసిన వడ్లను కాళ్ళతో తిరగేయడం ఆమె చేసిన పని. పాదాలు ఎత్తకుండా ఈడ్చి నడిస్తే వెనకాల చాలు పడి, అడుగు వడ్లు పైకొస్తాయి. యాదగిరి అదే మిల్లులో హమాలీగా చేరిన రోజు, “నేనున్న గద, ఇగ నువ్వు కూసో” అన్నాడు. కూర్చుంది. కానీ ఇంట్లోనూ పాదాలు ఈడ్చే నడిచేది. పొయ్యి నుంచి గడప దాకా మట్టినేల గాడి పడింది.

“నేలను ఎండబెడ్తున్నవా అమ్మా?” అని నవ్వేవాడు.

పోయిన నెల బస్తా జారి అతని నడుం మీద పడింది. మళ్ళీ మిల్లుకు పోతానని నిన్న ఆమె అన్నప్పటి నుంచి అతను ఆమెతో మాట్లాడటం లేదు.

“దొరసాని మళ్ళొచ్చింది!” కళ్ళంలో పక్క వరస తిరగేస్తున్న పుష్పాబాయి కేకేసింది. “ఇంట్ల కూసుంటే కాళ్ళు గుంజినయా అత్తా?”

“ఉన్న ఒక్క నేల గుంతలైతున్నదే. జర సూడు, గా మూల నల్లగ లేదూ?”

“నీ కండ్లల్లనే ఉన్నది నలుపు. నడువు.”

నడిచింది. సిమెంటు కాలుతున్నా పాదాలకు తెలియలేదు. గోడ దాకా, తిరిగి ఇవతలికి. వాడు గంజి తాగిండో లేదో. లేస్తూ పడితే? పొద్దు నెత్తిమీదికొచ్చింది. నడుమ ఒకచోట ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, వడ్లమీదే మెల్లగా కూర్చుంది. తరవాత పక్కకు ఒరిగింది. అలసిందనుకుని పుష్పాబాయి తన వరస పూర్తిచేసుకునే వచ్చింది. అప్పటికి ఊపిరి లేదు.

కబురు విని యాదగిరి కర్ర ఊతంతో వచ్చేసరికి ఆమెను గోడ నీడన పడుకోబెట్టారు. పాదాల పగుళ్ళలో వడ్లగింజలు ఇరుక్కుని ఉన్నాయి. అతను తలెత్తి ఆకాశం చూశాడు.

“మబ్బు లేదమ్మా,” అన్నాడు. “తడువయి.”

ఆ పూట మిగతా వడ్లను ఎవరూ తిరగేయలేదు. కళ్ళం మధ్యదాకా వచ్చి ఆగిన చాలు అట్లాగే ఎండుతోంది.