రంగును వద్దన్న విత్తనం

1967లో రెండేళ్ల కరువు తర్వాత వాన పడింది. తెల్లారితే విత్తాలి. మిగిలిన ఒక్క మూట వేరుశనగ బతికుందో లేదో తేల్చుకోవాలని, ధర్మవరంలో పట్టుకు రంగులద్దే మారెప్ప పరిశోధనశాలకు వచ్చాడు.

అక్కడ విత్తనాలు పరీక్షించే విమలమ్మ ఇరవై గింజల్లో మొలకెత్తే భాగాన్ని పలుచగా కోసి, రంగునీళ్లలో తడిపి, మైక్రోస్కోపులో నీలికాంతి కింద చూపించింది. ఐదు ఎర్రగా మెరిశాయి.

"ఐదింటికే రంగు పట్టిందా? తక్కినవన్నీ సచ్చినాయేమమ్మా?" మారెప్ప అడిగాడు.

"ఇది పట్టు కాదన్నా. ఈ రంగును చచ్చిన కణమే లోపలికి రానిస్తుంది. బతికింది తలుపేసుకుంటుంది."

నమ్మకం కోసం, బతికిన కణంలోనే వెలిగే మరో రంగు వేసింది. తక్కిన పదిహేనూ ఆకుపచ్చగా వెలిగాయి.

"నాలుగింట మూడు బతికే ఉన్నాయన్నా. కాస్త ఒత్తుగా విత్తుకో."

మారెప్ప మూట ఎత్తుకున్నాడు. "రంగులేసి నలభై ఏండ్లాయ. రంగును వద్దనే మంచి సరుకును ఈ పొద్దే సూస్తినమ్మా!"