మిషను ఒప్పుకోని ముఖాలు

మా మామగారికి హెర్నియా ఉందని ఆయన తప్ప ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. ఆయన దాన్ని "ఆ పక్క వాపు" అనేవారు, ఎవరిదో వాపు తమ దగ్గర దాచుకున్నట్టు. నడుముకు బెల్టు బిగించి, పైన వదులు చొక్కా తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు తిరిగేవారు. డాక్టరు మాత్రం మొహమాటపడలేదు.

"పేగు జారి ఉంది పెద్దాయనా. మెలిపడిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడే చేయించుకుంటే రెండు రోజుల్లో ఇంటికి పోతారు. డెబ్బై దాటినవాళ్లకి ప్రభుత్వ బీమా ఉందిగా, ఆ కార్డు పట్టుకురండి. వచ్చే బుధవారం చేసేద్దాం."

కార్డు లేకుండా ఆ ఆసుపత్రి మెట్లెక్కే స్తోమత మాకు లేదు. ఆ ఒక్క విషయంలో ఇంట్లో అభిప్రాయభేదాలు లేవు.

మా వీధి చివర గ్రంథాలయం హాల్లో బీమా నమోదు శిబిరం పెట్టారు. గురువారం మొదలై శనివారం ఐదింటితో సరి. ఆపైన మళ్లీ మూడు నెలలకే. కావలసినవి రెండే: గుర్తింపు కార్డు, సొంత ముఖం. ఆపరేటరమ్మాయి చేతిలో పలకంత మిషను ఉంటుంది. దాన్ని మన ముఖం ముందు పెడితే అది కార్డులో ఫోటోతో పోల్చి చూసుకుంటుంది. సరిపోతే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర గీత.

గురువారం పొద్దున్నే వెళ్లింది పక్కింటి టీచరుగారు. రిటైరై పదమూడేళ్లయినా నడకలో బెత్తం పోలేదు. అరగంటలో మా వంటింటి గుమ్మంలో ఉన్నారు.

"యాభై మంది పిల్లల్ని వెనకనుంచి చూసి గుర్తుపట్టేదాన్ని. నన్ను ఎదురుగా చూసి గుర్తుపట్టలేదమ్మా ఆ మిషను. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ నేను నేను కాదంది."

"అద్దాలు తీశారా టీచరుగారూ?"

"తీశాను. పెట్టుకున్నాను. మళ్లీ తీశాను. ఇంకేం తియ్యమంటావు, తలకాయా?"

ఆవిడ వెనకే డ్రైవరు బాబాయి. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, ఆయనకూ ఎర్ర గీతే. తర్వాత బట్టలకొట్టు పెద్దాయన, ఆయన భార్య. సాయంత్రానికి మా వీధిలో తొమ్మిది మంది తాము తాము కాదని తేలి ఇళ్లకొచ్చారు. వెనక వీధి వాళ్లు మాత్రం వచ్చినవాళ్లు వచ్చినట్టే కార్డులు పట్టుకుని పోయారు.

గిన్నెలు తోముతూ ఆలోచించాను. నా చదువు ఎక్కువగా ఆ వేళలోనే పనికొస్తుంది. ఈ తొమ్మిది మందికీ కలిసింది ఏమిటి? వయసు కాదు, అద్దాలు కాదు, రంగు కాదు. కలిసింది మా స్టూడియో.

మా మామగారు ఫోటోగ్రాఫరు. పెద్ద రోడ్డు మీద నలభై ఒక్క ఏళ్లు స్టూడియో నడిపి ఆరేళ్ల కిందట మూసేశారు. గుర్తింపు కార్డులు కొత్తగా ఇచ్చిన రోజుల్లో ఎవరి ఫోటో వాళ్లే తెచ్చుకోమన్నారు. వెనక వీధి వాళ్లు తమ వీధి స్టూడియోకే పోయారు. రెండు కళ్లూ ఒకే ఫోటోలో పడితే చాలన్నది అక్కడి ఫోటోగ్రాఫరు సిద్ధాంతం. మా వీధి వాళ్లంతా మా దగ్గరికే వచ్చారు. మామగారు ఏటవాలు గాజుబల్ల మీద నెగెటివు పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిలు, చిన్న బ్లేడు, వెంట్రుకంత కుంచె ముందేసుకుని కూర్చునేవారు. దాన్ని టచింగ్ అంటారు. ఆ బల్ల మీద పుట్టుమచ్చలు మాయమయ్యాయి, గడ్డం కింద గడ్డాలు కరిగిపోయాయి, ముక్కులు దారికొచ్చాయి. ఫోటో తీసుకున్నవాళ్లు దాన్ని చూసుకుని కాస్త నిటారుగా నడిచి వెళ్లేవారు. ఏం చేశారని ఎవరైనా అడిగితే ఆయనది ఒకటే మాట: "మీ ముఖమే అంత. నేను లైటు సరిగ్గా వేశానంతే."

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెప్పకుండా మర్నాడు ఏం జరుగుతుందో చూద్దామనుకున్నాను.

శుక్రవారం ముగ్గురం వెళ్లాం. వరసలో మామగారు ముందు, ఆయన వెనక అత్తగారు, ఆవిడ వెనక సంచీతో నేను. ఆపరేటరమ్మాయి మిషను ఎత్తింది.

"ఇటు చూడండి తాతగారూ."

"వెలుతురు నా వెనకనుంచి వస్తోందమ్మాయ్. బల్ల కిటికీ వైపుకి తిప్పు. ఆఁ, అలా. ఇప్పుడు తియ్యి."

బల్ల తిప్పింది. ఎర్ర గీత. కుర్చీ మార్చారు. ఎర్ర గీత. గడ్డం కొద్దిగా ఎత్తి, భుజం ఓరగా పెట్టి, ఊపిరి బిగబట్టారు. మిషను ఆ కళాపోషణకూ లొంగలేదు.

"కార్డులో చెవులు వేరేగా ఉన్నాయి తాతగారూ," అంది ఆ అమ్మాయి, కష్టపెట్టకూడదన్నట్టు మెల్లగా.

అత్తగారికి దగ్గొచ్చింది.

"వయసు మీద పడింది కదమ్మా," అన్నారు మామగారు.

"వయసైతే మిషను సర్దుకుంటుందండీ. చెవులు వయసుకి ఇంత దూరం జరగవు కదా."

సూపర్‌వైజరు వచ్చాడు. ముందురోజు నుంచీ ఇదే తంతు కావడంతో అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తేడాల పత్రం అని ఒకటుంది. ఫోటోకీ ముఖానికీ తేడా ఏమిటో, ఎందుకు వచ్చిందో రాయాలి. కింద, రాసింది నిజమని తెలిసిన ఇంకో మనిషి సంతకం చేయాలి. నిన్న నలుగురు 'వయసు' అని రాస్తే పైనుంచి తిప్పి పంపేశారు.

"వీళ్లందరి ఫోటోలూ ఒకే చోట తీసినట్టున్నాయండీ. ఆ తీసినాయన దొరికితే రాయించుకురండి. పని అయిపోతుంది."

"దొరకడం కష్టం," అన్నారు మామగారు, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆయన కదిలాక అత్తగారు వరసలో ఉండకుండా ఆయన వెంటే వచ్చేశారు. ఇంటికొచ్చాక ఆవిడ మొదలుపెట్టారు.

"రాసి ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఏమని రాయను? వీళ్ల ముఖాలు ఇవి కావని రాయనా? ఇరవై రెండేళ్లు గోడకి పెట్టుకుని చూసుకున్నారు. ఇప్పుడెళ్లి అది నువ్వు కాదు, నా పెన్సిలు అని చెప్పనా?"

"వాళ్ల సంగతి తర్వాత. మీ సంగతి?"

"నాకేం తొందర లేదు. మూడు నెలలాగుతాను. బెల్టుందిగా."

"పేగు మెలిపడ్డప్పుడు లైటు సరిగ్గా వేసి చూసుకోండి, పోతుంది."

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆసుపత్రికి ఫోను చేసి అడిగాను. శనివారం సాయంత్రంలోగా కార్డు నంబరు చెప్పకపోతే బుధవారం వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. ఆ మాట పేపరుకి చెప్పాను. పేపరు కదల్లేదు.

శనివారం పొద్దున డ్రైవరు బాబాయి వాకిట్లో కనిపించి వీధి కబురు చెప్పాడు. "ఈ ఫోటో మీ తమ్ముడిదా అని అడిగాడమ్మా ఆ సూపర్‌వైజరు. ఏమో, స్టూడియోలో ఒకరి ఫోటో ఒకరికి ఇచ్చుంటారు అన్నాను. ఇంకేం చెప్పమంటావు?"

నేను లోపలికెళ్లి ఆ కబురు మామగారి చెవిన వేశాను. వేసేటప్పుడు కాస్త ఉప్పూకారం చేర్చిన మాట నిజమే. ఫోటోలు తారుమారు చేసేవాడని వీధంతా అనుకుంటున్నారన్నాను. వెనక వీధి స్టూడియోలో అయితే ఇలాంటి పొరపాటు జరిగేది కాదని ఎవరో అన్నారన్నాను. ఎవరన్నారని ఆయన అడిగితే నా పేరే చెప్పాల్సి వచ్చేది. అదృష్టం, అడగలేదు.

"తారుమారా? నేనా?" పేపరు కింద పడింది. "చొక్కా ఇలా తే అమ్మా."

మూడింటికి హాల్లో ఉన్నాం. కబురందుకుని తొమ్మిది మందీ వచ్చి బెంచీల మీద కూర్చున్నారు.

"ఫోటోలు తీసింది మీరేనా?" అన్నాడు సూపర్‌వైజరు. "నిన్న దొరకడం కష్టమన్నారు?"

"నిన్న దొరకలేదు," అన్నారు మామగారు, కుర్చీ లాక్కుంటూ.

నన్ను పక్కన కూర్చోబెట్టి పత్రాలు నా ముందు పెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి, కార్డు చూసి, ముఖం చూసి, కళ్లు మూసుకునేవారు. ఇరవై రెండేళ్ల కిందటి నెగెటివులు ఆ కళ్ల వెనకే ఉన్నాయి కాబోలు, ఒక్కటీ తడుముకోలేదు.

"డ్రైవరు. కుడి కనుబొమ మీద గాటు. పూడ్చాను. ముక్కు ఎడమకి వంకర. వెలుగు గీత ఒకటి లాగి నిలబెట్టాను. రాయమ్మా."

డ్రైవరు బాబాయి కనుబొమ తడుముకున్నాడు. "ఆ గాటు లేకపోతే నేనెలా ఉండేవాణ్నో అని ఎన్నిసార్లు అనుకున్నానో. కార్డులోనే ఉన్నానన్నమాట ఇన్నాళ్లూ."

"ఇంకో కాపీ కావాలంటే ఇంట్లో ఉంది," అన్నారు మామగారు, కొంచెం తేరుకుని.

టీచరుగారి వంతు వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. "ఎడమ దవడ, మూడో నంబరు షాడో..."

"మాకర్థమయ్యేలా రాయాలండీ," అన్నాడు సూపర్‌వైజరు.

మామగారు కలం నా చేతిలోంచి తీసుకుని తామే రాసి, సంతకం పెట్టి, రెండు మడతలు పెట్టారు.

"నాకేం చేశారండీ?" అన్నారు టీచరుగారు. అందరి జాబితాలూ విని ఆవిడ కూర్చున్న తీరే మారిపోయింది.

"మీకా? భుజం మీద పమిట ముడత ఉంటే తీసేశాను. అంతే."

"అదే అనుకున్నాను," అన్నారావిడ, నిటారుగా లేచి. పమిట ముడతకి ఐదు లైన్లు ఎందుకు పట్టాయో ఆవిడ అడగలేదు. ఆ పత్రం సూపర్‌వైజరుకి అందించింది నేనే. రెండు మడతలు విప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ పై పెదవి గురించి నేనెక్కడా చెప్పబోను.

నాలుగున్నరకి తొమ్మిది పచ్చ టిక్కులు పడ్డాయి. మిగిలింది మావాళ్లిద్దరే. అత్తగారు అద్దాలు తీసి సంచీలో వేసుకుని, తనకూ ఓ పత్రం సిద్ధంగా ఉంచమని నాకు సైగ చేసి కూర్చున్నారు. ఆపరేటరమ్మాయి మిషను ఇలా ఎత్తిందో లేదో పచ్చ టిక్కు.

"అయిపోయిందండీ బామ్మగారూ."

"మళ్లీ చూడమ్మా."

మళ్లీ చూసింది. మళ్లీ పచ్చ. మూడోసారి ఆవిడ ముఖం అవతలికి తిప్పుకుంటుండగానే పచ్చ. కార్డు చేతికొచ్చినా ఆవిడ లేవలేదు. కుర్చీలో అలాగే మామగారి వైపు తిరిగారు.

"నాకేం చెయ్యలేదా?"

మామగారు కలానికి మూత పెట్టారు.

"వీధిలో ప్రతివాళ్లకీ దిద్దారు. ఆ బట్టలకొట్టాయనకి జుట్టు కూడా మొలిపించారు. ఇంట్లో మనిషికి ఓ గీత గియ్యడానికి చెయ్యి రాలేదన్నమాట."

"బామ్మగారూ, టైమవుతోంది," అన్నాడు సూపర్‌వైజరు. "తాతగారి పత్రం మీద ఆయనే సంతకం చెయ్యకూడదు. మీరు రాయించి చెయ్యాలి. ఐదింటికి మిషను దానంతటదే ఆగిపోతుంది."

గోడ గడియారంలో పావుతక్కువ ఐదు. నేను పత్రం ఆవిడ ముందుకి జరిపాను. ఆవిడ కలం తీసుకోలేదు.

"ముందు జవాబు చెప్పమనండి."

"అత్తయ్యా, బుధవారం..."

"నాకు తెలుసు బుధవారం. ఆయనకి తెలుసా అని."

హాల్లోంచి ఎవరూ ఇంటికి పోలేదు. టీచరుగారైతే ముందు బెంచీలోకి మారారు. మామగారు బెల్టు సర్దుకున్నారు, అటూ ఇటూ చూశారు. లైటు మాట ఇక్కడ చెల్లదని ఆయనకూ తెలుసు.

"పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను," అన్నారు చివరికి. "రెండు రాత్రులు బల్ల మీద పెట్టుకున్నాను నీ నెగెటివు. మిగతావాళ్లంటే ఫోటో పట్టుకుని వెళ్లిపోతారు, ఎప్పుడైనా ఎదురుపడితే ఓ పలకరింపే. నువ్వు రోజూ కళ్లెదుటే ఉంటావు. దిద్దానంటే ఇంటికొచ్చినప్పుడల్లా ఏది తేడా అని నా కళ్లు వెతుకుతాయి. అది నాకిష్టం లేకపోయింది."

అత్తగారు కొంతసేపు ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నారు. అది పొగడ్తో తెగడ్తో ఆవిడకి అక్కడికక్కడ తేలలేదు. ఇప్పటికీ తేలలేదని నా అనుమానం. గడియారం పది తక్కువకి వచ్చింది.

"రాయమ్మా," అన్నారు నాతో. "చెవులు, రెండూ బయటికి విచ్చుకుని ఉంటాయి, ఫోటోలో తలకి అణిచేశారు. నుదుటి మీద జుట్టు రెండు వేళ్లు వెనక్కి పోయింది, ఫోటోలో ముందుకి తెచ్చారు. కింది పెదవి మీద చిన్నప్పటి కుట్టు. మెడ మీద కాయ. ఎడమ కన్ను కుడి కన్ను కంటే చిన్నది, రెండూ సమానం చేసుకున్నారు."

"ఇంక చాల్లే," అన్నారు మామగారు.

"గడ్డం మధ్య సొట్ట. అది ఎందుకు పూడ్చారో నాకు తెలీదు. అది బాగానే ఉండేది. అలాగే రాయి."

అలాగే రాశాను. 'బాగానే ఉండేది' అన్నది ప్రభుత్వానికి అవసరమా అని సూపర్‌వైజరు అడగబోయి, గడియారం చూసి ఊరుకున్నాడు. ఆవిడ సంతకం చేశారు. ఆపరేటరమ్మాయి కొత్త ఫోటో తీయాలంది. "ఒక్క నిమిషం, పైన ఆ లైటు ఆర్పి..." అంటూ మామగారు చెయ్యి ఎత్తేలోపే తీసేసింది. ఐదుకి మూడు నిమిషాలుండగా పచ్చ టిక్కు పడింది. అక్కడినుంచే ఆసుపత్రికి ఫోను చేసి నంబరు చెప్పాను.

బుధవారం ఆసుపత్రి కౌంటరులో గుమాస్తా కార్డు అందుకున్నాడు. మామగారు గడ్డం కొద్దిగా ఎత్తి, భుజం ఓరగా పెట్టి నిలబడ్డారు. గుమాస్తా కార్డు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి ముద్ర వేసేశాడు.

"అంతేనా?" అన్నారు మామగారు.

"అంతేనండీ. లోపలికెళ్లండి."

ఆయన్ని తీసుకెళ్లాక అత్తగారు బెంచీ మీద కూర్చుని కార్డు దూరంగా పట్టుకుని చూశారు. చెవులు రెండూ వచ్చాయి, సొట్టా వచ్చింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఏముంది, ఈయనే."

గంటంబావుకి డాక్టరు బయటికొచ్చాడు. బాగా జరిగిందనీ, పేగు దాని చోటికది చేరిందనీ, సాయంత్రానికి మాట్లాడతారనీ చెప్పాడు. అత్తగారు కార్డు పట్టుకుని లేచారు.

"ఇంటికి పంపేటప్పుడు మళ్లీ పోల్చి చూస్తారా బాబూ?"

"అక్కర్లేదమ్మా. మీరు గుర్తుపడితే చాలు."

"అది నాకు అలవాటే," అని ఆవిడ కార్డు పర్సులో పెట్టుకుని జిప్పు లాగారు.